దీపానికి ముక్కు లేదు

పాలు విరుగుతాయి. అన్నం పాచిపోతుంది. పిండి పులుస్తుంది. బియ్యం ముక్కిపోతాయి. నూనె కనరెక్కుతుంది.

సన్యాసమ్మ ఈ మాటల్ని ఒకదాని చోట ఇంకొకటి వాడనిచ్చేది కాదు. కోడలు భాగ్యరేఖ కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు నేతి గిన్నె మూత తీసి, "అత్తా, ఘీ ఖరాబ్ అయిపోయింది" అంది.

"ఖరాబేటి? కుళాయి ఖరాబవుద్ది. ఫ్యాను ఖరాబవుద్ది. నెయ్యి కనరెక్కింది. అను."

భాగ్యరేఖ భిలాయిలో పుట్టింది. ఆమె తెలుగు ఇంటి గడప వరకే. అయినా అత్త అన్నట్టే అంది.

"మళ్ళీ అను."

మళ్ళీ అంది.

మిగతావి చెడితే కంటికి తెలుస్తుంది. పాలు ముక్కలవుతాయి. అన్నం తీగ సాగుతుంది. నూనె రంగు మారదు, ధార మారదు, సీసాలో నిన్నటిలాగే నిలబడి ఉంటుంది. నెయ్యి అంతే. ఎండుకొబ్బరి, వేరుశెనగ పప్పు, నువ్వులు, కొవ్వున్నదేదైనా లోపల్లోపలే చెడుతుంది. ముక్కుకి తప్ప ఎవరికీ చెప్పదు. సన్యాసమ్మకి అందుకే దానిమీద కోపం. నమ్మించి చెడేది అదొక్కటే అనేది. కొందరు మనుషులకీ ఆ మాట వాడేది. ఎదురుగా నిలబడి మరీ పొగిడేవాళ్ళు వెళ్ళిపోయాక వీధి తలుపు వేసి, "కనరు" అని ఒక్క ముక్క అని తన పనిలోకి పోయేది.

ఆమె చీపురుపల్లి దగ్గర పల్లెలో పుట్టింది. స్టీలు ప్లాంటులో క్రేను నడిపే నరసింగరావుని చేసుకుని భిలాయి వచ్చింది. సెక్టర్ 7లో క్వార్టరు. నరసింగరావుకి నశ్యం అలవాటు. నలభై దాటకముందే ఆయనకి మల్లెపూవుకీ కిరసనాయిలుకీ తేడా తెలియకుండా పోయింది. "మా ఇంటికి ముక్కు ఒకటే" అని నవ్వేవాడు. "ఒకటి చాలదేటి?" అనేదామె.

చాలింది. సుపేలాలో సాహు నూనె కొట్టుకి ఆమె వెళ్తే మిగతావాళ్ళు పక్కకి జరిగేవాళ్ళు. ఆమె మూత తీయించి, వంగి, ఒక్క ఊపిరి సేపు ఆగేది. సాహుకి తెలుగు రాదు. ఆ ఒక్క మాట మాత్రం వచ్చింది. ఆమె మెట్టెక్కుతుండగానే, "కనర్ నహీ హై అమ్మా, సూంఘ్ లో" అని, కావాలంటే వాసన చూసుకోమని అరిచేవాడు. ఆమె కాదంటే ఆ డబ్బా లోపలికి పోయేది. ఎవరూ వాదించేవాళ్ళు కాదు.

జంతికలు, చేగోడీలు, సున్నుండలు చేసి అమ్మేది. అది బతుకుతెరువు. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. మరోదాలో ఆంధ్రావాళ్ళు కట్టుకున్న అమ్మవారి గుడిలో, చైత్రంలో పండగ రోజు, ఆ తర్వాత వారం మారువారం రోజు, అమ్మవారి బూరెలు వండేది ఆమే. ఆ పొయ్యి దగ్గరకి ఇంకొకరు వెళ్ళరు.

ఆ వంటకి ఒక కట్టు ఉంది. వండే మనిషి రుచి చూడకూడదు. వాసన కూడా చూడకూడదు. మొదటి రుచి, మొదటి వాసన అమ్మవారివి. నూనె ఇంకా వంట కాదు కాబట్టి పొయ్యెక్కకముందు దాన్ని ఒక్కదాన్నీ చూడొచ్చు. అంటే ఆ వంటంతా ఆ ఒక్క ఊపిరి మీద నిలబడుతుంది.

నూనె ఇంటికింత చొప్పున అందరూ తెచ్చిస్తారు. మూకుడులో పోయగా మిగిలింది ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళరు. అది అమ్మవారిది. డబ్బాలో ఉంచి, డబ్బాకి పసుపు రాసి, బొట్టుపెట్టి, వంటగది మూలన పెడతారు. ఏడాదంతా గుడి దీపానికి అదే. మధ్యలో ఒక భిలాయి ఎండాకాలం గడిచాక ఆ నూనె దగ్గరకి వెళ్ళలేం. "దీపానికి ముక్కు లేదు" అనేది సన్యాసమ్మ, వత్తి తడుపుతూ. బొట్టున్న డబ్బా దీపానికి. బొట్టు లేనిది వంటకి.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ జ్వరం వచ్చింది. అందరికీ తగ్గింది. జ్వరంతో పాటు సన్యాసమ్మ ముక్కు కూడా పోయింది. డాక్టరు కొన్నాళ్ళకి తిరిగొస్తుందన్నాడు. భాగ్యరేఖకి తిరిగొచ్చింది. సన్యాసమ్మ ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టింది. వెల్లుల్లి నలిపింది. ఏమీ లేదు. తెల్లగోడ.

ఎవరికీ చెప్పలేదు. అడిగితే వచ్చిందంది.

అప్పటినుంచి కూడా మూత తీసేది. వంగేది. ఒక్క ఊపిరి సేపు ఆగేది. "బాగుంది" అనేది. పని పోయింది, భంగిమ మిగిలింది. ఆశ్చర్యమేమిటంటే నూనె నిజంగానే బాగుండేది. ఎవరూ ఒక్క మాట అనలేదు. జంతికలు అమ్ముడయ్యేవి. రెండు పండగలు గడిచాయి. తన అదృష్టం అనుకుంది.

మూడో ఏడు పండగకి ముందురోజు కుర్ర ఆడపిల్లలు గుడి కడిగారు. వంటగది కూడా కడిగారు. కడిగి, పండగ కదా అని, కనబడినదానికల్లా పసుపు రాసి బొట్టుపెట్టారు. రోలుకి పెట్టారు. గరిటెకి పెట్టారు. రెండు నూనె డబ్బాలకీ పెట్టి పక్కపక్కన పెట్టారు.

తెల్లారి తలస్నానం చేసి తడిబట్టతో వంటగదిలోకి వెళ్ళిన సన్యాసమ్మ ఆ రెండు బొట్లనీ చూసింది. రెండూ ఒకేరకం డబ్బాలు. ఆ ఏడు దీపం నూనె బాగా మిగిలింది, ఇంచుమించు ఒకే బరువు. ఇదివరకైతే మూత కూడా తీయక్కర్లేదు. వరండాలో తనని పిన్నీ అని పిలిచే రజనీకుమారి, ఇంకో నలుగురు పూర్ణం ఉండలు చేస్తున్నారు. పిలిచి అడగొచ్చు. అడిగితే, నీకు తెలియదేటి అంటారు.

దగ్గరున్న డబ్బా మూత తీసింది. వంగింది. ఆగింది. "బాగుంది" అంది, ఎవరూ అడగకుండానే.

భాగ్యరేఖ ఆ రోజు లోపలికి రాకూడదు. నెలసరి. ప్రహరీ అవతల రేకుల షెడ్డు కింద కూర్చుని ఉంది. నూనె కాగుతుండగా లేచి నిలబడింది. గోడ దగ్గరికి వచ్చింది.

"అత్తా, ఒక్కసారి ఆ నూనె..."

"నువ్వక్కడే ఉండు!" లోపల్నించి సన్యాసమ్మ అరిచింది. "ఇయ్యాల నీ మాట కూడా లోపలికి రాకూడదు."

వరండాలో ఆడవాళ్ళు తలలు వంచుకుని ఉండలు చేశారు. భాగ్యరేఖ తిరిగి షెడ్డు కిందకి పోయింది.

బూరెలు అమ్మవారి ముందు పెట్టారు. హారతిచ్చారు. అందరికీ పంచారు. అందరూ తిన్నారు. సన్యాసమ్మని అక్క వరసతో అప్పా అని పిలిచే గుడి పెద్ద రాజాబాబు రెండు చేతులూ ఎత్తి, "ఈసారి అదిరిపోయినాయి అప్పా!" అన్నాడు. ఇంకా ఇద్దరు ముగ్గురు అలాగే అన్నారు. సన్యాసమ్మ అలసటగా నవ్వింది. పొయ్యి వేడికి తనకి తినబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్న రెండు సందుల అవతల ఉన్న రజనీకుమారి ఇంటికి పళ్ళెం తిరిగివ్వడానికి వెళ్ళింది. గేటు తీస్తుంటే జామచెట్టు మొదట్లో కనబడ్డాయి. విస్తరాకు ముక్క మీద బూరెలు. ఒకటి సగం కొరికి ఉంది.

ప్రసాదాన్ని చెత్తలో వెయ్యరు. కాలు పడని చోట, చెట్టు మొదట్లో పెడతారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. గోడ మీదుగా పక్కింటి తులసికోట వైపు చూసింది. అక్కడా ఉన్నాయి.

వంగి, కొరకని బూరె ఒకటి తీసి, తుంచి నోట్లో వేసుకుంది. తీపి. పూర్ణం మెత్తగా ఉంది. మింగింది. తీపి పోయాక గొంతు వెనక సన్నగా గీరుకుంది, గరుకు గుడ్డతో తుడిచినట్టు. ముక్కు లేకపోయినా గొంతు ఉంది. గొంతు అబద్ధమాడలేదు.

రజనీకుమారి తలుపు తీసింది.

"ఇదేటి రజనీ?"

"పిన్నీ... పిల్లలు తినలేకపోతేనూ..."

"ఎందుకు తినలేపోయారు?"

రజనీకుమారి పైట చెంగు వేలికి చుట్టుకుంది.

"నోరు తెరిచి చెప్పు."

"ప్రసాదం పిన్నీ. వంకెట్టకూడదు కదా."

"ప్రసాదం అమ్మవారి ముందుకెళ్ళాక. అంతకుముందు? వరండాలో కూకున్నావు. నూనె కాగుతుంటే నీకు వాసన రాలేదేటి?"

"వచ్చింది."

"మరి?"

"మీరు ఊరుకున్నారు. పిన్నే ఊరుకుందంటే కనరు కాదేమో అనుకున్నాం. మా ముక్కులే బాగోలేదనుకున్నాం."

సన్యాసమ్మ పళ్ళెం గుమ్మం మీద పెట్టింది. పెట్టడం కాదు, జారవిడిచింది. ఆ చప్పుడుకి పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"అయిదుగురు ఆడోళ్ళు. అయిదు ముక్కులు. ఒక్క ముసిల్దాని మొహం చూసి అయిదూ మూసీసుకున్నారు. తిట్టండి, నా నెత్తిన బోర్లించండి. అంతేగానీ తినీసి, బాగున్నాయనీసి, చెట్టుకి పెడతారా? చెట్టు ఏం చేసింది?"

తిన్నగా ఇంటికి వచ్చింది. నరసింగరావు మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"నిన్న బూరెలు ఎన్ని తిన్నావు?"

"నాలుగు. ఏం, లెక్కలడుగుతున్నావు?"

"ఎలా ఉన్నాయి?"

"తియ్యగా ఉన్నాయి."

"కనరు."

"నాకెలా తెలుస్తాదే? నన్నడుగుతావేటి?"

"నాకూ తెలీదు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నాకు వాసన తెలీదు. జ్వరం వచ్చిందగ్గర్నించి తెలీదు. ఇప్పుడు చెప్తున్నాను."

ఆయన జేబులోంచి నశ్యం డబ్బీ తీశాడు. తెరవలేదు. దాన్నే చూస్తూ, "ఉన్న రెండు ముక్కులూ పోయాయన్నమాట. ఇంక ఇంటికి ముక్కు అద్దెకి తెచ్చుకోవాలి" అన్నాడు.

"నవ్వకు. చంపీగలను."

"నవ్వట్లేదు." ఆయన ఆలోచిస్తున్నాడు. "మరి ఇన్నాళ్ళూ నీ జంతికలు ఎవళ్ళూ తిప్పి పంపలేదే. ఇంట్లో నూనె ఒక్కసారైనా చెడకుండా ఎలా ఉంది?"

ఇద్దరూ ఒకేసారి వెనక వరండా వైపు చూశారు. భాగ్యరేఖ అక్కడ మెట్టు మీద కూర్చుని పప్పు ఏరుతోంది. చేట మీద చెయ్యి ఆగిపోయి ఉంది.

"నువ్వేనా?" అంది సన్యాసమ్మ.

"హా, అత్తా."

"ఎప్పట్నించి?"

"ఆ సంవత్సరమే. దీపావళికి ముందు. మీరు సీసా మూత తీసి బాగుందన్నారు. నేను ఇక్కడ, తలుపు దగ్గర నిలబడి ఉన్నా. అక్కడికే వాసన వస్తోంది. మీరు పడుకున్నాక పారబోసి కొత్తది పోసిపెట్టా. అప్పట్నించి నేనే చూస్తున్నా. గుడిలో కూడా, రెండేళ్ళూ మీకంటే ముందు వెళ్ళి."

"నాకు చెప్పకుండా."

"చెప్పకుండా."

"రెండేళ్ళు నన్ను బొమ్మలా వంచి లేపావు. సీసా ముందు వంగుతుంటే వెనకనుంచి చూసేదానివి. నవ్వుకునేదానివా?"

భాగ్యరేఖ చేట పక్కన పెట్టి లేచింది. ఆమె ఈ ఇంట్లో గొంతు పెంచడం ఎవరూ వినలేదు.

"నవ్వానా? అత్తా, మూత తీసి వంగాక మీరు నా మొహం చూస్తారు. ప్రతిసారీ. తర్వాతే బాగుందంటారు. మీ కళ్ళెలా ఉంటాయో మీకు తెలుసా? మై క్యా బోల్తీ? ఏం చెప్పను?"

"కనరు అని చెప్పాలి. నేర్పలేదేటి నీకు?"

"నేర్పారు. మీకు చెప్పడం నేర్పలేదు."

భాగ్యరేఖ ఇంకో అడుగు ముందుకి వేసింది.

"నిన్న గోడ దగ్గరికి వచ్చా. అత్తా అన్నా. మీరేమన్నారు? నీ మాట కూడా లోపలికి రాకూడదన్నారు. అందరి ముందు. గోడ దూకి వచ్చి మీ మూకుడు తన్నాలా?"

"తన్నాలి!"

"తంతే అమ్మవారి బూరెలు అంటుకున్నానని నన్ను ఇంట్లోంచి తరిమేవాళ్ళు. మీరే."

అది నిజం. సన్యాసమ్మ గోడకి ఆనుకుంది. తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. వెతికింది. బొట్లు పెట్టిన పిల్లలున్నారు. వాళ్ళని తిట్టింది. రాజాబాబుని తిట్టింది. కరోనాని తిట్టింది. ఎవరిని తిట్టినా తిరిగి తిరిగి ఆ డబ్బా దగ్గరికే, ఎవరూ అడగకుండా తను అన్న "బాగుంది" దగ్గరికే వచ్చి ఆగింది. ఆ రోజు అన్నం తినలేదు. ఎవరినీ తినమనలేదు.

సాయంత్రం రాజాబాబు వచ్చాడు. రజనీకుమారి చెప్పినట్టుంది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి మొదలుపెట్టాడు.

"ఏటీ అవలేదప్పా. ఎవళ్ళకీ కడుపునొప్పి కూడా రాలేదు. మనసులో పెట్టుకోకు. అమ్మవారికి అన్నీ సమానమే."

"ఏటి సమానం?"

"అదే, భక్తితో పెడితే..."

"దీపానికి ముక్కు లేదు రాజాబాబూ. అమ్మవారికి కూడా లేదంటావేటి?"

అతను తల గోక్కున్నాడు. "మారువారానికి కావలిస్తే సుపేలా మిఠాయికొట్టు హల్వాయి చేత చేయిద్దాం. నువ్వు కుర్చీ వేసుకుని కూకో. పెద్దదానివి. చూసుకో చాలు."

"చూసుకోడమే నాకు రాదు. వండడం వచ్చు. నువ్వు నాకు రానిది ఇచ్చి వచ్చింది లాక్కుంటున్నావు."

అతను వెళ్ళాక ఆమె తలుపు వేసింది. కనరు అని ఆ ఒక్క మాట అంటుందని నరసింగరావు ఎదురుచూశాడు. అనలేదు. ఆ మాట ఇంక తను అనదగ్గది కాదన్నట్టు పెదవులు బిగించింది. అప్పుడు తట్టింది ఆమెకి. రెండేళ్ళుగా ఈ ఇంట్లో నూనె గురించి ఆ మాట ఎవరూ అనలేదు. సాహు కూడా ఈమధ్య అనడం లేదు. భాగ్యరేఖే చెప్పి ఉంటుంది. ఊరంతా కలిసి ఆమె దగ్గరనుంచి ఆ మాటని దాచిపెట్టారు.

మారువారానికి ముందురోజు భాగ్యరేఖని పిలిచింది.

"రేపు నువ్వు నా పక్కనుండాలి. వంటగదిలో."

"సరే."

"రేపొక్కటే కాదు. ఏ రోజైనా. నేను బయటుండమన్నా లోపలికి రా. వచ్చి చెప్పు."

"అంటో?"

"అంటు నేను కడుక్కుంటాను. కనరు ఎవులు కడుగుతారు?"

మెత్తగా అనలేదు. తిట్టినట్టే అంది.

గుడిలో పూర్ణం ఉండలు చేస్తున్న ఆడవాళ్ళు ఆమె రాగానే మాటలు ఆపేశారు. రాజాబాబు గుమ్మంలో ఉన్నాడు. సన్యాసమ్మ వంటగది మెట్టు మీద నిలబడింది.

"పోయిన వారం బూరెలు కనరు" అంది. "దీపం నూనెతో వండీసినాను. నాకు ముక్కు లేదు. ఆ సంగతి నేను దాచినాను. మీకు ముక్కులున్నాయి. మీరూ దాచినారు. మీరంతా నన్ను గౌరవించారంట. అలాటి గౌరవం ఇంకోసారి నాకు చెయ్యకండి."

ఎవరో ఊరుకో పిన్నీ అన్నారు. "ఊరుకోను" అంది.

లోపలికి వెళ్ళి రెండు గిన్నెలు తీసింది. గుడి దీపం ముందునుంచి రాజాబాబు చేత తెప్పించిన నూనె ఒకదాంట్లో పోసింది. వంటకి సాహు దగ్గర కొత్తగా ఆడించి తెచ్చింది రెండోదాంట్లో పోసింది. రెండూ ఒకే రంగు. దీపం నూనె ఏదో ఆమెకి తెలుసు. ఆ గిన్నె తీసి భాగ్యరేఖకి అందించింది.

"చూడు."

భాగ్యరేఖ గిన్నె ఎత్తింది. వంగింది. ఆమె కళ్ళు అలవాటుగా అత్త వైపు తిరిగాయి.

"నా మొహం చూడకు. నూనె చూడు."

వరండాలో చేతులన్నీ ఆగిపోయాయి.

"కనరు" అంది భాగ్యరేఖ.

"వినబడలేదు."

"కనరు!"

సన్యాసమ్మ ఆ గిన్నె తీసుకుని పక్కన పెట్టింది. రెండోది ఇచ్చింది. భాగ్యరేఖ మళ్ళీ వంగింది. ఈసారి ఎక్కువసేపు ఆగింది. ఎవరివైపూ చూడలేదు.

"బాగుంది."

సన్యాసమ్మ కోడలి మొహం చూసింది. కోపం ఇంకా పోలేదు, పోయే కోపం కాదు. కానీ మొదటి మాట విన్నది కాబట్టి రెండోది నమ్మింది.

డబ్బా ఎత్తి మూకుడులో నూనె పోసింది.